ఉప్పు తగినంత అంటే ఎంత?

తెలుగులో ఏ వంటల పుస్తకం తెరిచినా, యూట్యూబ్‌లో ఏ వంట వీడియో పెట్టినా, కావలసిన పదార్థాల చివర ఒకే మాట ఉంటుంది: ఉప్పు తగినంత. మినప్పప్పు ఒక కప్పు, బియ్యం రెండు కప్పులు, ఇంగువ చిటికెడు అంటూ లెక్కగా చెప్పుకొచ్చిన మనిషి తీరా ఉప్పు దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేస్తారు. కూర తినాలా పారబొయ్యాలా అన్నది తేల్చేది ఆ ఉప్పే కదా! వంట వచ్చినవాళ్ళకు ఆ మాటతో పేచీ లేదు. రానివాడు మాత్రం అక్కడే ఆగిపోతాడు.

పోయిన నెల అమలాపురంలో ఒక వంట క్లాసుకు వెళ్ళాను. ఈ వయసులో నీకిదేం సరదా అని అడిగేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నా. మా ఆవిడ పురుడు పొయ్యడానికి అమెరికాలో ఉన్న అమ్మాయి దగ్గరకు వెళ్ళింది, ఇప్పట్లో రాదు. కర్రీ పాయింట్ పాకెట్లో పైన తేలే నూనె చూసి నాకు భయం పుట్టింది. నా గొడవ అంతే. ఈ పోస్టు రాయడానికి కారణం అక్కడ కలిసిన ఒక అమ్మాయి, ఆ అమ్మాయిని చూసి మిగతావాళ్ళు నవ్విన నవ్వు.

క్లాసు చెప్పేవిడ చాలాకాలం క్యాటరింగ్ నడిపి మానేసినావిడ. అందరం మేడం గారూ అనేవాళ్ళం. మేడ మీద రేకుల షెడ్డు, అందులో గ్యాస్ పొయ్యిలు, ప్లాస్టిక్ కుర్చీలు. ఆ ఆదివారం పాఠం పులిహోర, పనసపొట్టు ఆవపెట్టిన కూర. కోనసీమలో ఈ రెండూ లేకుండా పెళ్ళి భోజనం లేచిందంటే ఆడపెళ్ళివారి పరువు లేచినట్టే. పొట్టు కొట్టడం, కత్తికి నూనె రాసుకోవడం, ఉడికిన పొట్టు పిండడం అన్నీ మా కళ్ళ ముందే చూపించారు. ఆవముద్ద మాత్రం కింద ఇంట్లో నూరి, మూత పెట్టిన డబ్బాలో పైకి తెచ్చారు.

ఆ అమ్మాయిది అంబాజీపేట దగ్గర ఊరు. తండ్రిది కొబ్బరికాయలు వలిచే పని. డిగ్రీ అయి ఇంట్లో ఉంది. షెఫ్ కావాలని పట్టుదల. ఇలాంటి క్లాసులకు వచ్చేవాళ్ళు సాధారణంగా ఫోన్‌లో వీడియో తీసుకుంటారు. ఈ పిల్ల ఫోన్ తియ్యలేదు, పుస్తకంలో రాసుకుంటూ కూచుంది. పొట్టు తాలింపులో పడ్డాక మేడం గారు ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి ఐదువేళ్ళతో ఇంత తీశారు. ఆ చెయ్యి బాణలి మీదకు వెళ్ళేలోగా ఆ అమ్మాయి గిన్నె ఒకటి అడ్డం పెట్టింది.

"మేడం, ఒక్కసారి ఇందులో వెయ్యండి. తూచి ఇచ్చేస్తాను."

సంచిలోంచి అరచేతంత కాటా తీసింది. షెడ్డంతా నవ్వులే. ఒకావిడ "ఉప్పు కూడా తూస్తావేంటే తల్లీ" అంది. ఇంకొకావిడ "మందుల షాపు పెట్టుకో అమ్మా, బాగా నడుస్తది" అంది. మేడం గారు నవ్వలేదు గానీ, "వంట కాటాతో రాదమ్మా, చేతికి రావాలి. అది చేతి మహిమ" అన్నారు. అంటూనే ఉప్పు గిన్నెలో వేశారు. 11 గ్రాములు. ఆ అమ్మాయి దాన్ని బాణలిలో వేసి, ఊరికే చూద్దామని మళ్ళీ తియ్యమంది. మేడం గారు చూడకుండా తీసి గిన్నెలో వేశారు. 11. ఇంకోసారి తీస్తే 12. అప్పుడు ఆవిడే కళ్ళజోడు సర్దుకుని కాటా మీదకు వంగారు. నవ్వులు ఆగాయి.

ఆ కాటా మేడం గారిని తప్పు పట్టలేదు, ఆవిడ ఎంత కచ్చితమైన మనిషో అందరికీ చూపించింది. దశాబ్దాలుగా ఉప్పు తీసి తీసి ఆ వేళ్ళు కాటాలా తయారయ్యాయి. అందులో మహిమ ఎక్కడుంది? ఉన్నదల్లా లెక్క. లెక్క అయినప్పుడు నేర్పవచ్చు, రాసి ఇవ్వవచ్చు, ఇంకొకరి చేతికి అందించవచ్చు. మన ఊళ్ళలో వంటకు మనం చేసే పెద్ద అన్యాయం దాన్ని మహిమ అనడమేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

తప్పితే ఏడాది నష్టం

ఈ మాట మా స్నేహితుడు, రిటైరైన హెడ్మాస్టరు, ఆయనతో అంటే కోపం వచ్చింది. "మీ అమ్మ ఏ కాటా పెట్టి వండింది?" అన్నాడు.

కాటా పెట్టలేదు, నిజమే. సోల పెట్టింది. ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు గానీ, నా చిన్నప్పుడు ప్రతి వంటింట్లో గిద్ద, సోల, తవ్వ ఉండేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బియ్యం డబ్బాలో సోల లేకపోతే అమ్మ వంట మొదలుపెట్టేది కాదు. ఆవకాయ రోజుల్లో చూడాలి ఆ క్రమశిక్షణ. ముక్కలు ఇన్ని, కారం ఇంత, ఆవపిండి ఇంత, ఉప్పు ఇంత. కొలత నడుస్తుండగా పిల్లలు మాట్లాడితే లెక్క తప్పుతుందని అరిచేది. చేతి మహిమ ఉన్న ఏ ఇల్లాలైనా ఆవకాయలో ఉప్పు కళ్ళకొలతగా వేసిందా? వెయ్యదు. పప్పులో ఉప్పు తప్పితే ఒక పూట పోతుంది, ఆవకాయలో తప్పితే ఏడాది పోతుంది. నష్టం పెద్దదైన చోట మన అమ్మమ్మలు కూడా కొలిచే వండారు. రోజూ చేసే వంటలో కొలత చేతిలోకి దిగిపోయి బయటకు కనబడకుండా పోయింది, అంతే.

పెళ్ళిళ్ళ వంటవాళ్ళను చూడండి. గాడిపొయ్యి తవ్వకముందే, ముహూర్తానికి చాలా రోజుల ముందే వంట మేస్త్రి ఇచ్చే సరుకుల చీటీ ఇంటికి వస్తుంది. 500 మందికి బియ్యం ఎన్ని కిలోలు, కందిపప్పు ఎంత, నూనె డబ్బాలు ఎన్ని, చింతపండు ఎంత, ఉప్పు పాకెట్లు ఎన్ని, చివరకు కరివేపాకుతో సహా. పదిహేను లైన్ల ఆ కాగితం మీద ఒక మనిషి జీవితకాలం నేర్చుకున్నదంతా ఉంటుంది. పెళ్ళి అయ్యాక దాన్ని ఎవరూ దాచరు, ఖర్చుల చిట్టాతో పాటు పోతుంది. భోజనాలయ్యాక మాత్రం "ఆహా, మేస్త్రి చేతిలో ఏదో ఉందండీ" అంటారు. చేతిలో ఉన్నదేమిటో మీ జేబులోనే ఉంది మహాప్రభూ, ఆ చీటీ తీసి చదవండి.

ఇంకో ఉదాహరణ చెప్పి వదిలేస్తాను. గోదావరి జిల్లాల్లో అన్నం పెట్టడం గురించి మాట్లాడితే డొక్కా సీతమ్మ గారి పేరు రాకుండా ఉండదు. లంకల గన్నవరంలో ఆకలని వచ్చినవాళ్ళకు వేళ కాని వేళలో కూడా వండి పెట్టిన తల్లి. 1909లో పోయారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టింది. ఆ భోజనం నడిచేది మాత్రం గ్రాముల మీద. ఐదో తరగతి దాకా పిల్లకు పూటకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. ఆరు నుంచి ఎనిమిది దాకా అయితే 150, 30, 75, 7.5. ఇది కేంద్రం పట్టిక, దేశమంతటికీ ఒకటే. నూనెను అర గ్రాము దాకా లెక్కగట్టిన ఆ పట్టికలో ఉప్పు, మసాలా దినుసులకు ఎదురుగా ఏముందో తెలుసా? అవసరాన్ని బట్టి! ఢిల్లీలో కూచుని రాసినవాళ్ళు కూడా ఉప్పు దగ్గర మన వంటల పుస్తకమే పట్టుకున్నారు.

మహిమకు జీతం ఉండదు

ఆ బళ్ళలో వండే ఆడవాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వాళ్ళకిచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2019లో దాన్ని నెలకు 1000 నుంచి 3000 రూపాయలు చేశారు. పెంచినందుకు సంతోషమే. కానీ వందమంది పిల్లలకు పప్పు, కూర, అన్నం వేళకు అందించడం నైపుణ్యమని ఒప్పుకుంటే 3000 అనే అంకె ఎవరి నోటా రాదు. అదేదో ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చే గుణం అనుకుంటేనే వస్తుంది.

ఆత్రేయపురం వెళ్ళినవాళ్ళు పూతరేకులు తీసేవాళ్ళను చూసే ఉంటారు. నానబెట్టి మెత్తగా రుబ్బిన బియ్యం పిండి, బోర్లించిన కుండ, లోపల మంట. పల్చటి గుడ్డ పిండిలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే రేకు ఆరిపోతుంది, చిరగకుండా తీసి పక్కన పెట్టాలి. పిండి చిక్కదనం రవ్వంత మారినా, మంట ఎగిసినా రేకు రాదు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటి నుంచి డబ్బాలో జీడిపప్పు పెరిగింది, డ్రైఫ్రూట్ అని, చాక్లెట్ అని రకాలు పెరిగాయి, ధరా పెరిగింది. వీడియోలు తీసేవాళ్ళందరూ ఆ మంట ముందు కూచున్న ఆవిడ చేతిని దగ్గరగా చూపించి "ఈ చేతుల్లో ఏదో మాయ ఉంది ఫ్రెండ్స్" అంటారు. పిండి ఎంత పల్చగా ఉండాలి, మంట ఎంత ఉండాలి అని ఒక్కరూ అడగరు. అడిగితే ఆవిడ చెబుతుంది. చెబితే అది విద్య అని తెలిసిపోతుంది. విద్య అని తెలిస్తే రేటు అడుగుతుంది.

ఇంకొకటి, కొంచెం చేదు మాట. మహిమ ఇంటి పేరును బట్టి వస్తుంది. శాకాహారం వంటకు ఫలానావాళ్ళు, మాంసం వంటకు ఫలానావాళ్ళు అని మన దగ్గర పంచుకుని ఎన్ని తరాలైందో మీకూ తెలుసు. పెళ్ళి సంబంధం కుదిరాక భోజనాల ప్రస్తావన వస్తే మొదటి ప్రశ్న ఏమిటి? వంట ఎవరు చేస్తున్నారు అని. ఆ ప్రశ్న రుచి గురించేనని మనల్ని మనం ఎంతకాలం నమ్మించుకుంటాం? ఆ అమ్మాయి డిగ్రీ అవగానే వాళ్ళ ఊరి వైపు క్యాటరింగ్ చేసే ఒకాయన దగ్గరకు వెళ్ళి పని నేర్పమని అడిగిందట. "కూరలు తరుక్కోమ్మా, గిన్నెలు తోమేవాళ్ళు కూడా కావాలి" అన్నాడట. పొయ్యి దగ్గర? "అక్కడ మావాళ్ళుంటారు."

అందుకే ఆ కాటాను చూసి నాకు నవ్వు రాలేదు. చేతిలో ఉన్నది కొడుక్కో అల్లుడికో మాత్రమే దిగుతుంది. కాగితం మీద ఉన్నది ఎవరి చేతికైనా వెళ్తుంది.

కాటాకు అందనివి

నా వాదనకు చిల్లులు లేకపోలేదు. పెద్దది బియ్యం. సార్వా ధాన్యం ఆడించిన కొత్త బియ్యానికీ, ఏడాది మాగిన పాత బియ్యానికీ ఒకే నీళ్ళు పోస్తే ఒకటి ముద్దవుతుంది, ఇంకొకటి పలుకుగా ఉండిపోతుంది. పులిహోరకు పాత బియ్యమే కావాలని వంటవాళ్ళు పట్టుబట్టేది అందుకే. చింతపండు కొత్తదైతే ఒక పులుపు, నల్లబడ్డ పాతదైతే ఇంకో పులుపు. పనసకాయ లేతదైతే పొట్టు వెన్నలా ఉడుకుతుంది, గింజ ముదిరితే పీచు. సముద్రం వైపు ఊళ్ళలోనైతే బోరు నీళ్ళే ఉప్పగా తగులుతాయి. మరి 11 గ్రాములు అని రాసుకుని ఏం లాభం? ఆ లెక్కన తగినంత అన్నవాళ్ళే నిజాయితీపరులు.

ఇదే అడిగాను. ఆ అమ్మాయి పుస్తకం నా వైపు తిప్పింది. పులిహోర అని శీర్షిక. కింద మొదటి లైను: "బియ్యం సార్వా, మర ఆడించి ఎన్నాళ్ళైందో మేడంని అడగాలి." రెండో లైను: "చింతపండు రంగు నలుపు, గింజ తీసినది." పనసపొట్టు పేజీలో కాయ ఏ ఊరిదో కూడా ఉంది.

"నీళ్ళు మారతాయి బాబాయ్ గారూ. ఎందుకు మారతాయో రాసుకుంటే ఈసారి ఎంత మార్చాలో తెలుస్తుంది కదండీ" అంది.

ఈ జవాబు నాకు చాలు. తగినంత అని ఊరుకోవడానికీ, ఏది మారితే ఎంత మారుతుందో పట్టుకోవడానికీ మధ్య ఉన్న తేడాయే ఇంటి వంటకూ వృత్తికీ ఉన్న తేడా. ఇంట్లో ఒకరోజు బాగా కుదిరి ఇంకోరోజు కుదరకపోయినా సర్దుకుపోతాం. డబ్బిచ్చి తినేవాడు నిన్నటి రుచి కోసమే ఇవాళ మళ్ళీ వస్తాడు.

లెక్కలోకి వస్తే అన్ని వంటలూ ఒకే రుచికి వచ్చేస్తాయన్న భయం కూడా విన్నాను. హైవే మీద హోటళ్ళ సాంబారు అంతటా ఒకేలా ఉంటోందని చెప్పుకుంటాం. దానికి కాటాను తప్పు పట్టలేను. అందరూ ఒకే కంపెనీ పొడి కొని గుమ్మరిస్తే రుచి ఒకటి కాక ఏమవుతుంది? రాజోలు వైపు పులుసుకూ, రామచంద్రపురం వైపు పులుసుకూ తేడా పోకుండా ఉండాలంటే ఎవరో ఒకరు రెండూ రాసిపెట్టాలి. పులస పులుసు గొడవలోకి మాత్రం నన్ను లాగకండి. వరదనీటికి ఎదురీది వచ్చిన చేప రుచిలో సగానికి పైగా ఆ చేప కష్టమే. వండినావిడకు మార్కులన్నీ వెయ్యడం నాకు ఒప్పుదల కాదు.

కువైట్ వంటిల్లు

నేను సమాధానం చెప్పలేకపోయిన అభ్యంతరం ఇంకొకటి ఉంది. అది ఆ పిల్ల తల్లిది.

క్లాసయ్యాక కూతురిని తీసుకెళ్ళడానికి ఆవిడ వచ్చింది. కువైట్‌లో ఒక ఇంట్లో ఏడేళ్ళు వంట చేసి వచ్చిన మనిషి. కోనసీమలో ఇది కొత్త కథేమీ కాదు, వీధికొకరు ఉంటారు. బిర్యానీ లాంటి అక్కడి వంటకం మచ్‌బూస్ ఇప్పటికీ కళ్ళు మూసుకుని చేస్తుందని కూతురు గొప్పగా చెప్పింది. ఎలా నేర్చుకున్నావమ్మా అని అడిగాను.

"ఆయ్, భాష రాదు కదండీ. ఆ ఇంటామె కప్పు చూపించేది. బియ్యానికి ఇన్ని, నీళ్ళకు ఇన్ని అని వేళ్ళు చూపించేది. ఎండు నిమ్మకాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టేది. పది రోజుల్లో వచ్చేసిందండి."

నా వాదనంతా ఆవిడ నాలుగు ముక్కల్లో చెప్పేసింది. ఒక్క మాట అర్థం కాని ఇద్దరు మనుషుల మధ్య ఒక దేశం వంట చేతులు మారింది, కప్పు సాయంతో. నేను ఉత్సాహపడి మీ అమ్మాయి షెఫ్ అవుతుందండీ అన్నాను. ఆవిడ మొహం మారింది.

"అన్నయ్యగారండీ, మీరన్నా చెప్పండి దానికి. పొద్దున్న అయిదింటి నుంచి రాత్రి పన్నెండింటి దాకా నిలబడే ఉండేదాన్ని. ఇప్పటికీ మోకాళ్ళు పట్టేస్తాయి. దాన్ని డిగ్రీ చదివించింది మళ్ళీ పొయ్యి దగ్గరకు పంపడానికాండీ?"

ఇది పరువు మాట అయితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆవిడ మాట్లాడింది మోకాళ్ళ గురించి. హోటల్ వంటిల్లు అంతకంటే సుఖమని ఎలా చెప్పను? మొదట్లో కోమీగా, అంటే షెఫ్ కింద చేతిసాయంగా, చేరితే ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, నిలువు కాళ్ళ డ్యూటీ, పండగలకు సెలవు లేకపోవడం, చేతికొచ్చేది అంతంతమాత్రం. సన్నటి పొడుగు ముక్కలకు జ్యూలియెన్ అని ఫ్రెంచి పేరు పెట్టినా తరిగేది అదే క్యారెట్. షెఫ్ కోటు వేసుకుని టీవీలో కనబడేవాళ్ళు వందలో ఒకరు కూడా ఉండరు.

అయినా ఒక తేడా ఉంది. ఆ రోజు తల్లికి చెప్పాలని తట్టలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఏడేళ్ళ వంట తర్వాత ఆవిడ దగ్గర అది తెలుసు అని చెప్పే కాగితం ముక్క లేదు. అమలాపురంలో ఏ హోటల్‌కు వెళ్ళినా ఆవిడ కొత్త మనిషే. హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థల్లో ఫుడ్ ప్రొడక్షన్ అని ఏడాదిన్నర డిప్లొమా ఉంది, ఇంటర్ చాలు. మూడేళ్ళ డిగ్రీ కావాలంటే ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అక్కడ నేర్పే సాస్‌లు మన పులుసుకు ఏం పనికొస్తాయని నాకూ అనుమానమే. కానీ ప్రతి వంటకూ ఒక కార్డు రాయడం నేర్పుతారు. ఎంతమందికి, ఏది ఎన్ని గ్రాములు, ఖర్చెంత అన్నీ అందులో ఉంటాయి. ఆ కార్డు పట్టుకుని వెళ్ళినప్పుడు పొయ్యి దగ్గర మావాళ్ళుంటారు అనడం కొంచెం కష్టం. కొంచెమే. అంతకు మించి ఆశ పెట్టను.

కూతురు ఏమంది అంటారా? తల్లి మాట్లాడుతున్నంతసేపూ కాటా సంచిలో సర్దుకుంది. తర్వాత "అమ్మా, మచ్‌బూస్‌కి నీళ్ళు కప్పున్నరా, రెండా? నిన్న ఒకలా చెప్పావు" అంది. తల్లి కోపం మర్చిపోయి బియ్యం నానబెడితే కప్పున్నర అని మొదలుపెట్టింది.

తర్వాతి ఆదివారం మేడం గారిని ఒకటి అడిగాను. క్లాసులో ఇచ్చే జిరాక్సు కాగితంలో తగినంత అన్నచోటల్లా గ్రాములు వెయ్యండి, కిందనే బియ్యం పాతదా కొత్తదా అని కూడా రాయండి అని. ఆశ్చర్యం, వెంటనే ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి కాటా ముందు పెట్టుకుని ఉప్పు, చింతపండు, బెల్లం, ఇంగువ వరుసగా తూచి ఇద్దరూ రాసుకున్నారు. ఆవ దగ్గరకు వచ్చేసరికి మేడం గారు పెన్ను మూసేశారు.

ఆవగింజ నలిగి నీళ్ళు తగిలితేనే ఘాటు పుడుతుందనీ, వేడి కూరలో కలిపితే ఆ ఘాటు చచ్చిపోతుందనీ ఎవరైనా చెబుతారు. ఎన్ని ఆవాలకు ఎన్ని మిరపకాయలు, ఏం కలిపి నూరితే చేదు రాకుండా ఉంటుంది అన్నదే అసలు కిటుకు.

"ఇది మాత్రం రాయను. ఇప్పటికీ మూడు క్యాటరింగ్‌లవాళ్ళు నా దగ్గరే ఆవ నూరించుకుని పట్టుకెళ్తారు. ఇది నా వ్యాపారం" అన్నారు.

చేతి మహిమ అని ఈసారి అనలేదు. వ్యాపారం అన్నారు కాబట్టి ధర ఉంటుంది. ఎంతో అడగమని ఆ అమ్మాయికి చెప్పాను. అడిగిందట. మేడం గారు ఆలోచించి చెబుతానన్నారట.